రొయ్యల వ్యాధులపై కొత్త పరిశోధనలను ఎలా అనుసరించాలి?

ప్రశ్న: భీమవరం దగ్గరి ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో ఆక్వాకల్చర్ బోధిస్తున్నాను. మా విద్యార్థులలో చాలామంది ఇళ్లకు వెనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. రొయ్యలకు సోకే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి గురించి వారు అడిగే ప్రశ్నలకు నేను పీజీలో చదివిన పాఠాలు చాలడం లేదు. కొత్త పరిశోధన పత్రాల కోసం వెతికితే వందల్లో కనిపిస్తున్నాయి. వాటిలో చాలావరకు డబ్బు కడితే తప్ప తెరుచుకోవడం లేదు. ఏ పద్ధతిలో చదవాలి?
— ఒక అధ్యాపకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: వెలువడే ప్రతి పత్రాన్నీ చదవడం ఆ రంగంలోనే పనిచేసే శాస్త్రవేత్తలకు సైతం సాధ్యం కాదు కనుక, ముందుగా మీ విద్యార్థుల చెరువుల నుంచే ఒకటి రెండు ప్రశ్నలు ఎంచుకోండి. ఉప్పు తక్కువగా ఉన్న నీటిలో ఈహెచ్‌పీ ఎలా వ్యాపిస్తుంది, పట్టుబడి అయిన తర్వాత చెరువు అడుగుమట్టిలో దాని సిద్ధబీజాలు మిగలకుండా ఏం చేయాలి అన్నంత స్పష్టంగా ప్రశ్న ఉంటే, చదవవలసినవి వాటంతటవే తగ్గుతాయి. ఉండి, ఆకివీడు వైపు చెరువులలో నీరు సముద్రతీరపు చెరువులంత ఉప్పగా ఉండదు కాబట్టి మొదటి ప్రశ్న మీకు మరీ ముఖ్యం.

పరిశోధన పత్రాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో, వెతికిన చోటనే అలర్ట్ పెట్టుకుంటే కొత్త పత్రాల వివరాలు మెయిల్‌కు వస్తాయి. అయితే ఈ పరాన్నజీవికి 2009లో ఎంటెరోసైటోజూన్ హెపటోపీనై అని పేరు పెట్టగా, 2023లో దానిని ఎసైటోన్యూక్లియోస్పోరా అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. పాత పేరుతో మాత్రమే అలర్ట్ ఉన్నవారికి కొన్ని ముఖ్యమైన పత్రాలు అందకుండా పోవచ్చు. వెనామీని కూడా కొందరు లిటోపీనియస్ అనీ, కొందరు పీనియస్ అనీ రాస్తున్నారు. కనుక రెండు పేర్లతోనూ వేర్వేరుగా అలర్టులు పెట్టండి. నా దృష్టిలో అలర్టుల కంటే విలువైనది మరొకటి ఉంది: మంచి పత్రం ఒకటి దొరికితే దాని చివరనున్న ఆధారాల పట్టిక ద్వారా పాత పరిశోధనకు, స్కాలర్‌లో దాని కింద కనిపించే 'సైటెడ్ బై' ద్వారా తర్వాతి పరిశోధనకు వెళ్లవచ్చు.

సారాంశంతో ఆగిపోవద్దని మాత్రం గట్టిగా కోరుతున్నాను. ఫలానా ప్రోబయోటిక్ వాడితే మరణాలు తగ్గాయని అందులో ఉన్నప్పుడు, పద్ధతుల భాగానికి వెళ్లి, ప్రయోగం ప్రయోగశాల తొట్టెలలో జరిగిందా లేక చెరువులలోనా, నీటి లవణీయత ఎంత, ఎన్ని తొట్టెలు వాడారు, పోలిక కోసం మందు వేయని తొట్టెలను ఉంచారా, ఖర్చు ఎవరు భరించారు అన్నవి చూడాలి. తొట్టెలో కొన్ని వారాలు కనిపించిన ఫలితం, వర్షానికి లవణీయత ఒక్కసారిగా పడిపోయే మన చెరువులో నిలవకపోవచ్చు. రైతు ఒక్కో పంటకు లక్షలు పెట్టే చోట, ఒకే పత్రం ఆధారంగా తరగతిలో సలహా ఇవ్వడం సరికాదు. ఉదాహరణకు, రొయ్యలు తొలిదశలోనే చనిపోయే, ఈఎంఎస్‌గా పిలిచిన వ్యాధికి విషపదార్థాలనీ, వైరస్ అనీ పలు కారణాలు ఊహించిన తర్వాతే, 2013లో విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియాలో ఒక రకం కారణమని తేలింది. అది విషాన్ని తయారుచేసే తీరు 2015 నాటికి గానీ స్పష్టం కాలేదు.

ఇక చందా సంగతి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే పరిశోధన పత్రికల చందా పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు ఉద్దేశించినది కనుక మీ ప్రైవేటు కళాశాలకు దాని మీద ఆధారపడే వీలు లేదు. అయినా 'ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిషరీస్' ఉచితంగా చదవవచ్చు. చెన్నైలోని సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ) ప్రచురణలలో అనేకం ఆ సంస్థ వెబ్‌సైటులోనే దొరుకుతాయి. తెరుచుకోని పత్రానికి, దానిపై ఇచ్చిన చిరునామాకు మెయిల్ రాసి ప్రతి అడగండి. అడగడంలో మొహమాటం అవసరం లేదు, తమ పనిని ఒక అధ్యాపకురాలు చదవాలనుకోవడం పరిశోధకులకు సంతోషమే.

బయోఆర్కైవ్ వంటి వెబ్‌సైట్లలో, పత్రికలో ప్రచురణకు ముందుగా పెట్టే ప్రతులు ఇతర నిపుణుల పరిశీలన పూర్తికానివి. చదవండి, కానీ పాఠంలో చేర్చేటప్పుడు ఆ మాట చెప్పండి. చదివినవి దాచుకోవడానికి జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడితే, వాటిలో ఏదైనా తర్వాత ఉపసంహరణకు గురైనప్పుడు అది హెచ్చరిస్తుంది. అలాంటి హెచ్చరిక వస్తే విద్యార్థులకు ఇచ్చిన నోట్సులో ఆ భాగాన్ని తీసివేసి, ఎందుకు తీసివేశారో వారికి తరగతిలో వివరించండి.