రెండు టికెట్లు వద్దు తల్లీ

తల్లీ,

శాన్‌ఫ్రాన్సిస్కోలో చదువుకి సీటొచ్చిందని మీ నాన్న చెప్పగానే మీ మామ్మ వీధంతా చెప్పొచ్చింది. నేనూ బీచ్‌రోడ్డు వాకింగ్‌లో ఇద్దరు ముగ్గురి చెవిన వేశానులే. ఆ తర్వాత నీ టికెట్ల ప్లాన్ తెలిసింది, సింగపూర్ దాకా ఒకటి, అక్కణ్ణుంచి విడిగా ఇంకోటి అని. అప్పట్నుంచి టెన్షన్.

పాస్‌పోర్టు, కాలేజీ కాగితాలు చేతిసంచీలోనే ఉండాలి. అది నీకు తెలిసిందే.

నీ లెక్క చూశాను. విశాఖ నుంచి సింగపూర్ సుమారు 2,900 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 13,600. కూడిక బాగానే ఉంది. కానీ మనింట్లో గ్లోబు ఉందిగా, దాని మీద విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఓ దారం బిగించి లాగి చూడు. పసిఫిక్ నడిమధ్య నుంచి పోదు. చైనా, సైబీరియా, అలాస్కా మీదుగా వంగి వెళ్తుంది, సుమారు 13,300. అదే అసలు దగ్గర దారి, ఓడల్లో దీన్ని గ్రేట్ సర్కిల్ అనేవాళ్ళం. చదును మ్యాపు మీద స్కేలు పెట్టి ఇదే దగ్గర దారి అన్న కుర్ర ఆఫీసర్లు నా చేత బాగా చీవాట్లు తిన్నారు. నువ్వు మూడు వేల పైచిలుకు చుట్టు తిరుగుతున్నావన్నమాట. తిరుగు, ఫర్వాలేదు. పైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కనక పోయేటప్పుడు కలిసొస్తుంది. వచ్చేటప్పుడే గంటో రెండు గంటలో ఎక్కువ.

విడివిడిగా రెండు టికెట్లు కొని మధ్యలో మూడు గంటలే పెట్టుకున్నావే, అదీ నాకు నిద్ర పట్టనివ్వనిది.

మీ చిన్న తాతయ్య అచ్చం ఇదే చేశాడు. లండన్ వెళ్ళాలి. ముంబయి దాకా ఒక టికెట్, అక్కణ్ణుంచి వేరే కంపెనీది ఇంకోటి. "1,100 కిలోమీటర్లు అన్నయ్యా, రెండు గంటల్లో దిగుతాను, మూడు గంటలు చేతిలో ఉంటాయి" అన్నాడు. ఆ రోజు ఇక్కడ వాన. మన రన్‌వే చూస్తే నేవీది, వాళ్ళ పనులు వాళ్ళకుంటాయి. గంటన్నర ఇక్కడే పోయింది. అక్కడ దిగి బెల్టు దగ్గర పెట్టె కోసం నిలబడి, ఇంకో టెర్మినల్‌కి పరుగెత్తేసరికి కౌంటర్ మూసేశారు. విమానం ఇంకా కదల్లేదట, అయినా ఎక్కనివ్వలేదు. మొదటి వాళ్ళు "ముంబయి చేర్చాం, మా పని అయింది" అన్నారు. రెండో వాళ్ళు "మీరు రాలేదు" అన్నారు. మళ్ళీ పూర్తి రేటుకి టికెట్ కొన్నాడు. పాస్‌బుక్కు చూసేదాకా మీ చిన్న మామ్మకి ఆ సంగతి తెలియదు. తెలిశాక వాడు లండన్‌లోనే ఉండిపోతే బాగుండేదనిపించిందట, పాపం!

ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతది చూపించే బాధ్యత వాళ్ళదే. పెట్టె కూడా మామూలుగా చివరిదాకా వాళ్ళే చేరుస్తారు. లేదంటే సింగపూర్‌లో నువ్వే ఇమిగ్రేషన్ దాటి తెచ్చుకోవాలి, దానికి వీసా సంగతి వేరే.

ఎనిమిది వేలు మిగులుతాయన్నావు. అవి నేనిస్తాను. మొండికెయ్యకు.

సింగపూర్ నుంచి సుమారు 15 గంటలు. లేచి అటూ ఇటూ నడుస్తుండు, కూర్చునే ఉంటే నీ కాళ్ళు వాచిపోతాయి, చిన్నప్పుడు అరకు బస్సులోనే వాచేవి.

డబ్బు కట్టేముందు ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం రెండు నుంచి మూడు మధ్య మాత్రం వద్దు, పడుకుంటాను.

మీ తాతయ్య