కంపోస్టు కలిపిన సాయంత్రమే జ్వరమా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఏడాదిన్నరగా షెడ్డులో బటన్ పుట్టగొడుగులు పెంచుతున్నాను. మొదట్లో తయారు కంపోస్టు కొనేవాణ్ని, ఆరు నెలలుగా సొంతంగా చేసుకుంటున్నాను. గుర్రపు లద్దె, ఆవు పేడ, కోళ్ల పెంట, మేక పెంటికలు నాలుగూ దొరుకుతాయి. వీటిలో ఆరోగ్యానికి హాని లేనిది ఏది? ఉత్త చేతులతో కలిపితే చర్మవ్యాధులు వస్తాయా? కుప్ప విప్పి విత్తనం కలిపిన రోజు సాయంత్రం కాస్త చలిజ్వరం, పొడిదగ్గు వస్తాయి. మందుల షాపులో ఇచ్చే యాంటీబయాటిక్, ఒక చిన్న తెల్లమాత్ర వేసుకుంటే మర్నాటికి తగ్గిపోతాయి. అందుకని దాని గురించి బెంగ లేదు.

జవాబు: మీకు లేని ఆ బెంగ నాకు పట్టుకుంది. పెంట సంగతి తర్వాత చెబుతాను, చర్మం సంగతి ఆఖర్న. ముందు జ్వరం.

పొద్దున కంపోస్టు విప్పుతారు. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు, ఛాతీ బిగదీసినట్టుండటం మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. మళ్లీ కుప్ప విప్పిన రోజు మళ్లీ అదే వరస. ఇలా పనికీ జ్వరానికీ ముడి కనిపిస్తే మేం ముందుగా అనుమానించేది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్‌ని. పుట్టగొడుగుల పని చేసేవారిలో వస్తే మష్రూమ్ వర్కర్స్ లంగ్ అంటారు. 1959లోనే వైద్య పత్రికల్లోకి ఎక్కిన జబ్బు ఇది. బూజు పట్టిన ఎండుగడ్డితో రైతులకు వచ్చే ఫార్మర్స్ లంగ్‌కు తోబుట్టువు. ఇది ఇన్ఫెక్షన్ కాదు, పీల్చిన ధూళి మీద మీ రోగనిరోధక వ్యవస్థే ఊపిరితిత్తుల్లో చేసే దాడి. కాబట్టి యాంటీబయాటిక్‌కు ఇక్కడ పనే లేదు. ధూళికి దూరంగా ఉంటే ఏ మాత్రా వేసుకోకపోయినా చాలామందికి మర్నాటికో ఆ మర్నాటికో తగ్గుతుంది. ఆ పేరు మాత్రకు వస్తోంది, అంతే.

మిమ్మల్ని చూడకుండా ఇదేనని తేల్చి చెప్పను. ఒక్కరోజు విపరీతంగా ధూళి పీల్చినా ఇలాంటి జ్వరం రావచ్చు. అమ్మోనియా ఘాటుకు దగ్గు రావచ్చు. ఆస్తమా కావచ్చు. ముఖ్యంగా సాయంత్రం జ్వరం, దగ్గు అనగానే టీబీ కాదని రుజువు చేసుకోనిదే ముందుకు కదలకూడదు.

ఇంతకీ ఆ ధూళిలో ఏముంది? పక్వానికి వచ్చిన కంపోస్టును చీల్చి చూస్తే గడ్డిపోచల మీద బూడిద చల్లినట్టు తెల్లటి మచ్చలు కనిపిస్తాయి కదా. పెంపకందారులు వాటిని చూసి సంతోషిస్తారు, కంపోస్టు బాగా కుదిరిందనడానికి గుర్తు కనుక. అవి వేడిని ఇష్టపడే యాక్టినోమైసిటీస్ అనే బ్యాక్టీరియా. 45 నుంచి 60 డిగ్రీల మధ్య విరగబడి పెరుగుతాయి. పాశ్చురైజేషన్ (ఆవిరి వేడితో క్రిముల్ని చంపడం) తర్వాత మీరు రోజుల తరబడి కంపోస్టును ఉంచే 45–50 డిగ్రీలు వాటికి అనువైన వేడే. పంటకు మేలు చేసేవే, వాటి స్పోర్లు (విత్తనాల్లాంటి సూక్ష్మకణాలు) గాల్లోకి లేస్తే ఊపిరితిత్తులకు శత్రువులు. అవి అతి సూక్ష్మమైనవి కావడంతో గొంతులో ఆగవు, గాలి గదుల దాకా వెళ్లిపోతాయి. అందుకే కుప్పను తిరగేసే రోజుల కన్నా, చల్లారిన కంపోస్టును విదిలించి విత్తనం కలిపే రోజే ఎక్కువ ప్రమాదం. మీ ఉత్తరంలో సరిగ్గా ఆ రోజు గురించే రాశారు. ‘ఏడాదిగా ఏమీ కాలేదే’ అనుకోకండి. శరీరం ఆ ధూళిని పగబట్టడానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు.

ఇక ఆ చిన్న తెల్లమాత్ర. పేరు రాయలేదు గానీ, జ్వరం, దగ్గు రెండూ ఒక్కపూటలో దిగిపోతున్నాయంటే అది స్టెరాయిడ్ కావచ్చు. స్ట్రిప్పు పారేయకుండా డాక్టర్‌కు చూపించండి. ఈ జబ్బులో మేమూ కొన్నిసార్లు స్టెరాయిడ్ ఇస్తాం, అయితే పరీక్షలయ్యాక, మోతాదు లెక్కకట్టి, ముందు ధూళిని ఆపించి ఇస్తాం. మీరు చేస్తున్నది తలకిందులు: మాత్ర వేసుకుని మళ్లీ ధూళిలోకే వెళ్తున్నారు. బాధ అణిగిపోవడంతో పని మానరు, లోపల వాపు కొనసాగుతుంది. నెలలు గడిచేసరికి ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడవచ్చు. అలా గట్టిపడిన భాగం మళ్లీ మెత్తబడదు. టీబీ ఉండి స్టెరాయిడ్ వాడితే అది రెచ్చిపోతుంది. కంపోస్టులో దండిగా ఉండే ఆస్పర్‌జిల్లస్ అనే బూజుకు కూడా స్టెరాయిడ్ వాడే ఊపిరితిత్తులు తేలిగ్గా లొంగుతాయి, షుగర్ ఉంటే మరీనూ. యాంటీబయాటిక్ పేరు చివర ‘ఫ్లాక్సాసిన్’ అని ఉంటే అది టీబీని కొన్నాళ్లు కప్పిపెట్టి నిర్ధారణను ఆలస్యం చేస్తుంది. ఇన్ని చిక్కులున్న మందులను కౌంటర్ మీద చేయి చాపి తీసుకోవడం ఏం పని చెప్పండి? ఒక్క జాగ్రత్త: ఆ మాత్రను రోజూ మూడు వారాలకు మించి వాడి ఉంటే ఉన్నట్టుండి మానేయకండి, డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

ఈ వారంలోనే ఛాతీ వైద్యుణ్ని కలవండి. వెళ్లేముందు ఒక కాగితం మీద ఏ తేదీన ఏ పని చేశారు, ఎన్ని గంటలు చేశారు, ఎన్ని గంటలకు జ్వరం మొదలైంది, ఎంత ఉంది, ఏం మింగారు అన్నది రాసుకోండి. ఈ జబ్బులో ఆ కాగితం సగం పరీక్ష. ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనలేం, తరచూ హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తుల్ని సన్నటి పొరలుగా చూపే స్కాన్) అవసరమవుతుంది. ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్షల్లో ఊదడం ఒక్కటే చేయించి వదిలేయకుండా, ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గ్యాస్ ఎంత దాటుతోందో చూసే డీఎల్‌సీఓ కూడా అడగండి. కూర్చున్నప్పుడూ ఆరు నిమిషాలు నడిచాకా ఆక్సిజన్ కొలవాలి. కళ్లె వస్తే టీబీ పరీక్షకు ఇవ్వండి. రక్తంలో ఈ ధూళి మీద తయారైన ఐజీజీ యాంటీబాడీలు ఉన్నాయంటే శరీరానికి ఆ ధూళి సోకిందని అర్థం, జబ్బు ఉందని కాదు. ‘మళ్లీ ఒకసారి కలిపి చూద్దాం, జ్వరం వస్తే అప్పుడు నమ్ముదాం’ అనే ప్రయోగం మాత్రం వద్దు. పరీక్షలు తేలేదాకా కుప్ప దగ్గరికి మీరు వెళ్లకండి.

మెట్లెక్కితే ఆయాసం, కారణం లేకుండా బరువు తగ్గడం, వేళ్ల చివర్లు ఉబ్బి గోళ్లు గుండ్రంగా తిరగడం కనిపిస్తే జబ్బు ముదిరిందేమోనని చూడాలి. కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, ఆక్సిజన్ 92 కన్నా దిగినా, కళ్లెలో రక్తం పడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు మీరు అడిగినది. హాని లేని పెంట అంటూ లేదు, హాని తీరు మారుతుందంతే. మీకు ఆవిరి గది ఉందో లేదో రాయలేదు, నిజానికి జవాబు దాని మీదే ఆధారపడి ఉంది. కంపోస్టు మొత్తాన్ని 58–60 డిగ్రీల దగ్గర ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచి, తర్వాత 45–50 డిగ్రీల్లో అమ్మోనియా వాసన పోయేదాకా నిలిపే వసతి లేకపోతే కోళ్ల పెంట జోలికి పోకండి. విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ బ్యాక్టీరియాలు అందులో మామూలే. పాతబడి ఎండిన రెట్ట ధూళితో హిస్టోప్లాస్మా అనే ఫంగస్ కూడా సోకవచ్చు. పైగా నత్రజని ఎక్కువ. వెయ్యి కిలోల ఎండుగడ్డికి 400 కిలోల కోళ్ల పెంట, 30 కిలోల జిప్సం అన్నది పెంపకందారులు వాడే లెక్క. చౌకగా దొరికిందని పెంట పెంచితే అమ్మోనియా కళ్లు మండిస్తుంది, విత్తనాన్నీ చంపుతుంది. ముక్కుకు ఘాటు తగులుతున్నంతసేపు ఆ కంపోస్టు మీకూ పనికిరాదు, పుట్టగొడుగుకూ పనికిరాదు.

ఉన్నవాటిలో గుర్రపు లద్దె మేలు. కొట్టంలో పరిచిన గడ్డితో కలిసి వస్తుంది, గుల్లగా ఉండి గాలి ఆడుతుంది, సమంగా వేడెక్కుతుంది. అయితే ధనుర్వాతం క్రిములు అందులో ఉంటాయి. ఈమధ్యే నులిపురుగుల మందు తాగించిన గుర్రాల లద్దె తీసుకోకండి, ఆ మందు కొంత లద్దెలోకే వస్తుంది. ఆవు పేడ ముద్దకట్టి గాలి ఆడనివ్వదు, కుప్ప లోపల పులిసి కుళ్లుతుంది. మేక, గొర్రె పెంటికలు ఎండాక పొడిచేస్తే లేచే ధూళితో క్యూ ఫీవర్ (పశువుల నుంచి సోకే బ్యాక్టీరియా జ్వరం) రావచ్చు, ఈనిన మందల దగ్గరి పెంట అయితే ఆ భయం ఇంకా ఎక్కువ. ఇంట్లో గర్భిణి ఉంటే మేక, గొర్రె పెంటను గడప దాటించకండి. ఆయిస్టర్ రకం పుట్టగొడుగుకు అసలు పెంటే అక్కర్లేదు, ఉత్త గడ్డి చాలు. ఊపిరితిత్తులకు అది క్షేమమేమో అనుకుని మారకండి. గొడుగు అంచులు విచ్చుకుని పైకి తిరిగాక అది గదినిండా స్పోర్లు చల్లుతుంది, వాటితోనూ ఇదే జబ్బు వస్తుంది. అంచు కిందికి వంగి ఉండగానే కోసేయాలి. పచ్చి పెంట మీద వాటంతటవే మొలిచే గొడుగుల్ని తినకండి, వాటిలో మెదడు మీద పనిచేసే విషాలున్నవీ ఉంటాయి.

డాక్టర్ అనుమతించాకే మళ్లీ పని మాట. అనుమతి వచ్చినా, విత్తనం కలిపే పని మరొకరికి అప్పగించండి. ఎవరు చేసినా కంపోస్టు తడి 65–68 శాతం ఉండాలి. గుప్పిట్లో గట్టిగా పిండితే చెయ్యి తడవాలి, వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు మెరవాలి, ధార కారకూడదు. పైన ఎండిపోతే సన్నగా నీళ్లు చిలకరించాకే కదపాలి. తలుపులన్నీ తీసి, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడాలి. ముక్కుకు కట్టే రుమాలు ఈ స్పోర్లను ఆపదు. ఎన్95 మాస్కు ముఖానికి అతుక్కుని ఉండాలి, గడ్డం ఉంటే అతకదు. అమ్మోనియాను ఎన్95 కూడా ఆపదు, దానికి గాలే మందు. పని బట్టలు షెడ్డు దగ్గరే విప్పేసి విడిగా ఉతకండి. ఇవన్నీ ముప్పును తగ్గిస్తాయేగానీ, జబ్బు ఖాయమైతే మాస్కును నమ్ముకుని కొనసాగమని నేను చెప్పను.

కుప్ప నుంచి కారిన నల్లనీళ్లు నిలిచే గుంట ఉంటే అందులోకి దిగకండి. కదిపితే లేచే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. కాపాడబోయి వెనకే దిగినవారూ బతకరు.

చర్మం సంగతి చిన్నది. తడి పెంట, అమ్మోనియా కలిసి చేతులకు పగుళ్లు, దురద తెస్తాయి. మోచేతుల దాకా రబ్బరు గ్లవుజులు వేసుకోండి, తీశాక సబ్బుతో కడుక్కోండి. ఆ పగుళ్లలోంచే ధనుర్వాతం వస్తుంది కనుక, టెటనస్ టీకా వేయించుకుని పదేళ్లు దాటితే బూస్టర్ వేయించుకోండి. పని చేస్తుండగా పెంట తగిలిన గాయమైతే అయిదేళ్లు దాటినా వేయించుకోవాల్సిందే.