సిలిండర్‌కి మంచు పడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మిషిగన్‌లో ఉంటున్నాం. గరాజ్‌లో ప్రొపేన్ ఫ్యాన్ హీటర్ వెలిగించిన అరగంటకే మంట తగ్గి, సిలిండర్‌కి తెల్లగా మంచు పడుతోంది. వేడినీళ్లు పోయొచ్చా అండీ?

జవాబు: వద్దండీ. హీటర్ గాలిని సిలిండర్ వైపు తిప్పడం మరీ ప్రమాదం. లోపలి ద్రవం ఆవిరవుతూ తన వేడినే లాగేసుకుంటుంది. 20 పౌండ్ల సిలిండర్ పెద్ద హీటర్ జోరుకి చాలదు, ఒత్తిడి పడిపోతుంది. మంట తగ్గించండి, లేదా పెద్ద సిలిండర్ వాడండి. దాన్ని నిలువుగా, హీటర్ వెనక కనీసం 7 అడుగుల దూరంలో ఉంచండి.

బిగించాక జాయింట్లకు సబ్బు నురగ రాయండి. బుడగ ఉబ్బిందంటే గ్యాస్ లీకవుతున్నట్టే, వెలిగించొద్దు: ప్రొపేన్ గాలికన్నా బరువు, నేలమట్టాన పేరుకుంటుంది. గరాజ్ తలుపు కొంత ఎత్తే ఉంచండి. మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరి.

ఆపేటప్పుడు ముందు సిలిండర్ వాల్వ్ కట్టేయండి. మంట ఆరాక ఫ్యాన్‌ని కాసేపు తిరగనిచ్చి, అప్పుడు ప్లగ్ తీయండి.