పురుటి సూపులో వేసే దాంగ్‌గుయి వేరు గురించి

చి. ల. సౌ. సుమతికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీకు ఎనిమిదో నెల అని తెలిసి మీ ఎదురింటి చైనా ఆవిడ, పురుడు అయ్యాక సూపులో వేసుకొమ్మని ఏదో ఎండు వేరు పొట్లం తెచ్చి ఇచ్చిందని, దానిని వెంటనే పారవెయ్యమని మీ అమ్మ పట్టుబడుతోందని నిన్న ఫోనులో తెలిసింది. ఫోనులో చెప్పిన సలహా సగం గాలికి పోతుంది కనుక కూర్చుని వ్రాస్తున్నాను. పాతికేళ్లు ఫార్మసీ పిల్లలకు ఓషధుల పాఠం చెప్పి, ఆ తరువాత మీ అన్నయ్య దగ్గర, ఇప్పుడు నువ్వున్న సింగపూరులోనే పదకొండేళ్లు ఉన్నదాన్ని. ఆ వేరును చేత్తో పట్టుకుని చూశాను, వాసన చూశాను, ఒకసారి మోసపోయాను కూడా. పొట్లం పారవెయ్యనక్కరలేదు. కానీ బిడ్డ పుట్టేవరకు అందులో ఒక్క ముక్క కూడా నీ నోట పడకూడదు. ఈ వేరు గర్భాశయపు కండరాల మీద, రక్తం గడ్డకట్టే తీరు మీద పనిచేయగలదు కనుక గర్భిణులు దీనికి దూరంగా ఉండాలని మందుల శాస్త్రం చదివినవారు సాధారణంగా చెబుతారు.

నీకిచ్చినది దాంగ్‌గుయి. మీ ఊరి దుకాణాల్లో కొందరు దోంగ్ క్వాయ్ అంటారు. శాస్త్రనామం ఏంజెలికా సైనెన్సిస్. మన వంటింటి కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు, ఇంగువ అన్నీ ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే; పొట్లం విప్పగానే సెలరీ వాసన లాంటిది గుప్పుమనడానికి కారణం అదే. చైనాలో గాన్సు రాష్ట్రంలోని మిన్‌షియన్ ప్రాంతం దీనికి పేరుమోసినది. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన, చల్లని కొండ పొలాల్లో మొదటి ఏడు నారు పెంచి, మంచు పడకముందే తవ్వి తీసి, చలికాలమంతా దాచి, వసంతంలో మళ్లీ నాటి, ఆ శరదృతువులో వేళ్లు తవ్వుతారు. ఆ రెండో ఏడు మొక్క తొందరపడి పూత కాడ వేసిందా, వేరు కట్టెబారి మందుకు పనికిరాకుండా పోతుంది. తవ్విన వేళ్లను చిన్న చిన్న కట్టలుగా కట్టి, అటక మీద పెట్టి, కింద పొగ పెట్టి మెల్లగా ఆరబెడతారు.

దాంగ్‌గుయి అంటే ‘తిరిగి రావలసినది’ అనే అర్థం వస్తుంది. ఆ గాన్సు ప్రాంతపువాడే అయిన జియాంగ్ వెయ్ అనే సేనాని క్రీ.శ. 228లో వెయ్ రాజ్యం విడిచి షు రాజ్యంలో చేరినప్పుడు, విడిపోయిన తల్లి అతనికి దాంగ్‌గుయి వెతికి పంపమని ఉత్తరం వ్రాసిందట. తిరిగి రమ్మనడమే ఆమె ఉద్దేశం. అతను మరో ఓషధి పేరుతో శ్లేష చేసి, దూరపు సంకల్పం ఉన్నవాడికి దాంగ్‌గుయి ఉండదని జవాబు వ్రాశాడట. మీ అమ్మకు ఈ కథ చెప్పకు. పొట్లం సంగతి మరచి నిన్ను ఎప్పుడు వస్తావని అడగడం మొదలుపెడుతుంది.

ఇక పొట్లం విప్పి చూడు. మంచి దాంగ్‌గుయి పలక, అంటే పలచగా కోసిన వేరు ముక్క, లేత పసుపు రంగులో గాని, పసుపు కలిసిన గోధుమ రంగులో గాని ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మధ్యలో గోధుమ రంగు వలయం ఒకటి, చుట్టూ నూనె నిండిన చిన్న చిన్న గోధుమ చుక్కలు కనబడతాయి. వేళ్ల మధ్య వంచితే కొంచెం మెత్తగా ఒంగుతుంది. నాలుక మీద మొదట తీపి, వెనకే కారం, చివర ఒక పిసరు చేదు తగులుతాయి, కాని ఆ పరీక్ష ఇప్పుడు నువ్వు చెయ్యవద్దు, మీ ఆయన చేత చేయించు. నూనె లేకుండా పుల్లలా ఎండిపోయినదీ, కోసినచోట ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుగా కనిపించేదీ మందుకు పనికిరాదని చైనా ప్రభుత్వ ఫార్మకోపియాయే, అంటే మందుల ప్రమాణాల గ్రంథమే, చెబుతోంది.

నేను మోసపోయినది తెల్లదనం చూసి. మా కోడలి పురిటికి ఒక దుకాణంలో మల్లెపువ్వుల్లా తెల్లగా ఉన్న పలకలు చూసి, ఎంత శుభ్రంగా ఉన్నాయో అని మురిసిపోయి కొన్నాను. ఇంటికి వచ్చి మూత తీస్తే సెలరీ వాసనకు బదులు, అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల వాసన ముక్కుకు తగిలింది. నాలుక మీద పెడితే పులుపు. గంధకపు పొగ పట్టించిన సరుకు అది. పురుగు పట్టకుండా, రంగు తేలడానికి అలా చేస్తారు, అందుకే చైనా ఫార్మకోపియా ఇలాంటి మూలికల్లో ఆ పొగ మిగిల్చే సల్ఫర్ డయాక్సైడ్ కిలోకు 150 మిల్లీగ్రాములు మించకూడదని హద్దు పెట్టింది. పాతికేళ్లు పాఠం చెప్పినదాన్ని రంగు చూసి కొన్నాను గనుక ఆ డబ్బు గురించి ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు.

కొనవలసి వస్తే ఇంకొక చిక్కు ఉంది. కొరియా దుకాణంలో ఇదే పేరుతో అమ్మేది ఏంజెలికా గైగాస్ అనే వేరే మొక్క వేరు, జపాను వారిది ఏంజెలికా అక్యుటిలోబా. ఒకదాని కోసం వ్రాసిన మోతాదు మరొకదానికి పెట్టకూడదు.

పురుడు అయ్యాక ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే అసలు ప్రశ్న. మొదటి రోజుల్లో, రక్తస్రావం జోరుగా ఉన్నంతకాలం, ఎంత ఆప్యాయంగా గిన్నెలో పోసి ఇచ్చినా ముట్టవద్దు. సిజేరియన్ అయి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇస్తున్నా, ఆస్పిరిన్ గాని వార్ఫరిన్ గాని వాడుతున్నా, దీనిని పూర్తిగా మరచిపో. వార్ఫరిన్ వాడే మనిషి దాంగ్‌గుయి కూడా కలిపి తీసుకుంటే రక్తం మరీ పలచబడిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. రక్తపోటు ఉన్నా అంతే. ఈ వేరు వేసిన సూపు తాగిన బాలింతకూ, ఆమె పాలు తాగే మూడు వారాల పసికందుకూ రక్తపోటు పెరిగిన కేసు ఒకటి 1999లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఒక్క కేసుతో నేరం రుజువు కాదు, నిజమే, కాని పాలు తాగే బిడ్డ మీద దీని ప్రభావాన్ని సరిగ్గా పరిశీలించిన వారు కూడా లేరు. కడుపు జారుగా ఉన్నప్పుడు కూడా వద్దు, ఇది విరేచనాన్ని సులువు చేసే వేరని చైనా వైద్యులే చెబుతారు. కనుక నీ ప్రసూతి డాక్టరుకు పొట్లం పట్టుకెళ్లి చూపించు. సింగపూరులో 2000లో వచ్చిన చట్టం ప్రకారం చైనా వైద్యులు కూడా రిజిస్టరు చేసుకోవాలి. అటువంటి వైద్యుడికి చూపించినా, నువ్వు వాడే మాత్రల పేర్లన్నీ ముందే చెప్పు.

వారిద్దరూ సరేనంటే అప్పుడు సూపు. సుమారు 1,800 ఏళ్ల నాటి జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు పురిటి కడుపునొప్పికి చెప్పినది దాంగ్‌గుయి, పచ్చి అల్లం, మేకమాంసం అంతే. ఆయన పాళ్లు మూడు భాగాల వేరుకు ఐదు భాగాల అల్లం, పదహారు భాగాల మాంసం. ఆ లెక్కన అరకిలో మాంసానికి వేరు తొంభై గ్రాములు దాటుతుంది. నువ్వు ఆ దారి పట్టకు. నేటి ఫార్మకోపియా చెప్పే మోతాదు రోజుకు 6 నుంచి 12 గ్రాములు, నువ్వు ఆరు గ్రాముల దగ్గరే ఆగు. తరాజు లేకుండా కళ్లతో కొలవవద్దు. మాంసాన్ని ఒకసారి వేడినీళ్లలో ఉడికించి ఆ నీరు పారబోసి, చితక్కొట్టిన అల్లంతో, ఈ పలకలతో సన్నని సెగ మీద గంటన్నర ఉడికించి, మెత్తబడ్డ వేరు ముక్కలు పక్కకు తీసి, రసం తాగు. మన వేటమాంసపు పులుసుకు అలవాటుపడిన నోటికి మొదటిసారి మందు తాగినట్టే ఉంటుంది. తాగాక రక్తస్రావం హెచ్చినా, గుండె దడ వచ్చినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా, మరుసటి గిన్నె కోసం చూడక డాక్టరుకు ఫోను చెయ్యి.

ఇంతా చేసి ఇది ఏమి మేలు చేస్తుందని అడుగుతావేమో. చైనాలో వేల ఏళ్లుగా స్త్రీల జబ్బులకు మొదట తలచుకునే వేరు ఇది, అయితే ఒంటరిగా ఇవ్వడం వారి పద్ధతి కాదు, ఎక్కువగా మరికొన్నిటితో కలిపే ఇస్తారు. అమెరికాలో ముట్లు ఆగిన 71 మంది స్త్రీలకు ఇరవైనాలుగు వారాలు పరీక్ష చేసి 1997లో ప్రచురించారు. ఒంట్లో ఆవిర్లు తగ్గించడంలో ఒంటరి దాంగ్‌గుయి ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు అనిపించలేదు. బాలింతల విషయంలో గట్టి రుజువు అంతకన్నా తక్కువ. వేడి వేడి మాంసపు రసం, అల్లం, నలభై రోజుల విశ్రాంతి చేసే మేలులో వేరు వాటా ఎంతో విడదీసి చెప్పలేమని నా అభిప్రాయం.

మరొక్క సంగతి. మీ అమ్మ శొంఠి, పిప్పళ్లు, మోడి, వాము, బెల్లం, నెయ్యి వేసి కాయం చేసి తెస్తోంది. దానినీ సూపునీ ఒకే వారంలో మొదలుపెట్టవద్దు. నీకు గాని బిడ్డకు గాని కడుపులో తేడా వస్తే, ఏది కారణమో ఎవరూ చెప్పలేరు. ముందు కాయం కానివ్వు, దాని సంగతి మూడు తరాలుగా మనకు తెలుసు. పొట్లాన్ని అంతవరకు గట్టి మూత ఉన్న సీసాలో పెట్టి, తేదీ వ్రాసి ఫ్రిజ్‌లో ఉంచు. బయట ఉంటే నూనె ఎగిరిపోతుంది, పురుగు పడుతుంది. ఎదురింటి ఆవిడకు ఖాళీ చేతులతో కృతజ్ఞత చెప్పకు, మీ అమ్మ తెచ్చే సున్నుండలు నాలుగు పట్టుకెళ్ళు. పలకను వెలుతురులో పెట్టి ఫొటో తీసి నాకు పంపు, రంగు నేను చూసి చెబుతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ