వంతెన తప్ప ఎత్తు తెలియని కాళ్లతో అరకు ఎక్కగలనా?

పాఠకుల ప్రశ్నలు, సైకిలు జవాబులు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. వయసు 26. రోజూ తెల్లవారుజామున ఏటిగట్టు మీద 30 కిలోమీటర్లు తొక్కుతాను, ఆదివారమైతే చించినాడ వంతెన దాటి పాలకొల్లు, నరసాపురం తిరిగి 80 దాకా లాగుతాను. డిసెంబరులో ఒక సైకిలు బృందం వాళ్లు శృంగవరపుకోట నుంచి అరకుకి గ్రూప్ రైడ్ పెట్టారు, మర్నాడు అదే దారిన వెనక్కి. మా ఫ్రెండు నన్నడక్కుండానే నా పేరు రాయించేశాడు. మా వైపు కొండ మాట దేవుడెరుగు, గుట్ట కూడా లేదు. సైకిలుకి ముందు 3, వెనక 7 గేర్లున్నాయి. పది వారాల టైముంది. అందరి ముందూ దిగి తోసుకుంటూ పోవాల్సొస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఎక్కేస్తారండి. వారానికి 250 కిలోమీటర్లు తొక్కే కాళ్లకి ఆ సత్తా ఉంటుంది. నాకు భయమేసేది మర్నాడు మీరు దిగే దిగుడు గురించి. దాని గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ముందు ఎక్కడం సంగతి చూసేసి అక్కడికి వస్తాను.

మన డెల్టా వాళ్లకి ఒక బలం ఉంది, మనమే దాన్ని లెక్కలో వేసుకోం. కొండ వైపు వాళ్లకి మధ్యమధ్యలో పల్లం దొరుకుతుంది, పెడల్ ఆపి కాళ్లు చాచుకుంటారు. మనకి ఆ భాగ్యం లేదు. గట్టు మీద రెండు గంటలు వెళ్తే రెండు గంటలూ తొక్కాల్సిందే, పైగా మధ్యాహ్నం దాటితే అంతర్వేది వైపు నుంచి ఎదురుగాలి. ఘాటు రోడ్డు మిమ్మల్ని అడిగేది కూడా ఇదే, ఆగకుండా ఒకే పట్టున గంటల తరబడి తొక్కడం. తేడా ఒక్కటే. ఎదురుగాలిలో వేగం తగ్గిస్తే బరువు కూడా దిగిపోయినట్టుంటుంది, కొండ మీద అలా కాదు, మీరెంత నెమ్మదిగా వెళ్లినా మీ బరువూ సైకిలు బరువూ మొత్తం పైకి మోసుకెళ్లాల్సిందే. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అక్కడికి చేరేముందు గాలికొండ దగ్గర రోడ్డు అంతకన్నా ఎత్తుకెళ్లి మళ్లీ దిగుతుంది, అంటే ఎక్కాల్సింది వెయ్యి మీటర్ల పైమాటే. వంతెన ఎత్తు ఓ పది మీటర్లనుకుంటే వందసార్లు ఎక్కినట్టు. ఒక్కసారిగా కాదు కదా, 60 కిలోమీటర్ల పైచిలుకు దారిలో పొద్దంతా ఎక్కుతారు.

అందుకే గేరు. సైకిలు తిరగేసి పళ్లు లెక్కపెట్టండి, ఇది నిజంగా చెయ్యాల్సిన పని. ముందు పళ్లచక్రాల్లో చిన్నదానికి 28, వెనకవాటిలో పెద్దదానికి 28 ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు చక్రం కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది, సైకిలు సుమారు 2 మీటర్లు కదులుతుంది. మన ఊళ్లలో పాలు పోసేవాళ్ల గేరు లేని సైకిలుకి ముందు 44, వెనక 18 ఉందనుకోండి, అదే ఒక చుట్టుకి 5 మీటర్లు పోతుంది. చదును మీద అది హాయి, ఘాటులో మోకాళ్లకి చేటు. మీ చిన్న గేరులో నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకి 7 కిలోమీటర్లు దాటుతుంది. అంతే చాలు. నడకకన్నా ఎక్కువే కదా. వెనక పెద్ద పళ్లచక్రానికి 24 పళ్లే ఉంటే మీ మెకానిక్కుతో మాట్లాడి 28 లేదా 32 వేయించుకోండి, గేరు మార్చే పరికరం దానికి సరిపోతుందో లేదో ఆయనే చూసి చెబుతాడు. ఖరీదైన కొత్త సైకిలు కొనక్కర్లేదు.

పది వారాల్లో చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. వారానికి రెండు సాయంత్రాలు గాలికి ఎదురెళ్లి, ఒక గేరు బరువు పెంచి, సీటు మీంచి లేవకుండా పది నిమిషాలు తొక్కండి, ఐదు నిమిషాలు తేలిగ్గా తొక్కి మళ్లీ పది, ఇలా మూడుసార్లు. తొక్కుతూ ఒక మాట పూర్తిగా చెప్పగలగాలి, ఆయాసానికి మాట మధ్యలో తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు. చించినాడ వంతెన ఎక్కి దిగడం కూడా పనికొస్తుంది గానీ అది మొదలయ్యేలోపే అయిపోతుంది. ఒక్క ఆదివారం, వీలైతే రెండు, సైకిలుని ఏదైనా బండి మీద రాజమండ్రి దాకా తెచ్చుకుని కోరుకొండ, గోకవరం మీదుగా రంపచోడవరం వైపు వెళ్లండి. మెట్ట ప్రాంతం మొదలవగానే రోడ్డు లేచి దిగడం కాళ్లకి తెలిసిపోతుంది.

ఇక దిగడం. నేను మొదటిసారి మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాటు దిగినప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు. వేగం చూసి భయమేసి రెండు బ్రేకులూ పట్టుకుని వదల్లేదు. కాసేపటికి కాలిన రబ్బరు వాసన వచ్చింది, ఏ లారీదో అనుకున్నాను. వేళ్లు తిమ్మిరెక్కి బ్రేకు పట్టానో లేదో కూడా తెలియని స్థితి. ఒక మలుపు దాటి రోడ్డు కాస్త చదునైన చోట వెనక చక్రం టప్పుమని పేలింది. వేగం తక్కువుంది కాబట్టి పక్కకి ఒరిగి ఆగగలిగాను. రిమ్ము మీద వేలు పెడితే పెనం మీద పెట్టినట్టు చుర్రుమంది. ట్యూబు తీసి చూస్తే వాల్వు దగ్గర చీలిపోయి ఉంది. అదే పేలుడు ఒక్క మలుపు ముందు జరిగి ఉంటే ఎడమ పక్క లోయే.

అలా ఎందుకు జరుగుతుందంటే, పొద్దంతా ఎక్కి కూడబెట్టిన ఎత్తు అంతా దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలనుకుంటే, బ్రేకు నొక్కిపట్టుకుని నెమ్మదిగా 300 మీటర్ల ఎత్తు దిగితే పుట్టే వేడి ఒక లీటరు నీళ్లని దాదాపు 60 డిగ్రీలు వేడెక్కించేంత. గాలి కొంత తీసుకుపోయినా మిగతాదంతా ఆ చిన్న రబ్బరు ముక్కల మీదా రిమ్ము మీదా పడుతుంది. కాబట్టి నొక్కిపెట్టి ఉంచకండి. గట్టిగా పట్టి వేగం బాగా తగ్గించి వదిలెయ్యండి, రిమ్ముకి గాలి తగలనివ్వండి, మళ్లీ పట్టండి. మలుపులోకి వెళ్లాక కాదు, మలుపుకి ముందే, సైకిలు నిటారుగా ఉండగానే వేగం తగ్గాలి. ముందు బ్రేకే ఎక్కువ పని చేస్తుంది, దానికి భయపడి వెనకదాని మీదే ఆధారపడితే చక్రం జారుతుంది. పట్టేటప్పుడు ఒళ్లు కాస్త వెనక్కి జరపండి. మలుపులో లోపలి వైపు పెడల్ పైకి, బయటి వైపు పెడల్ కిందికి. చూపు గుంట మీద కాదు, మలుపు ఎక్కడ విడుతుందో అక్కడ ఉండాలి.

ఇది నేర్చుకోడానికి కొండ అక్కర్లేదు. మీ ఊరి ఏటిగట్టు మీంచి రోడ్డు మీదకి దిగే ర్యాంపు చాలు. రోజూ పదిసార్లు దిగి, గుర్తు పెట్టుకున్న చోట కచ్చితంగా ఆగడం సాధన చెయ్యండి. పొడి నేల మీద కుదిరాక వానపడ్డ రోజు కూడా చెయ్యండి, తడి రిమ్ముకి ఆగే దూరం ఎంత పెరుగుతుందో మీకే తెలుస్తుంది. బయల్దేరే ముందు వారం బ్రేకు రబ్బర్లు మార్పించండి, వాటి మీద గాడి అరిగిపోతే ఇంకా బాగానే ఉన్నాయనుకోవద్దు. స్పేరు ట్యూబులు రెండు, చిన్న పంపు మీ దగ్గరే ఉండాలి, గుంపులో ఎవరో ఒకరి దగ్గర ఉంటాయిలే అనుకోవద్దు.

గుంపు విషయానికొస్తే, కాలవ గట్టు మీద కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కనే వెళ్లే అలవాటు మనందరికీ ఉంది. ఘాటులో ఒకరి వెనక ఒకరే. ముందువాడి వెనక చక్రం పక్కకి మీ ముందు చక్రం పోనివ్వద్దు, అతను గుంట తప్పించడానికి కాస్త జరిగితే పడేది మీరే. ఎక్కేటప్పుడు ఎవరి వేగం వాళ్లదే. మొదటి ఐదు కిలోమీటర్లలో మీ ఫ్రెండు ముందుకెళ్లిపోతే వెళ్లనివ్వండి, త్యాడ దాటాక ఎక్కడో రోడ్డు పక్కన కనిపిస్తాడు. దిగి తోసుకోవాల్సొస్తే తోసుకోండి. దాన్ని తప్పుగా చూసేవాళ్లతో రెండోసారి వెళ్లకండి.

ఇంకొకటి. డిసెంబరు పొద్దున అక్కడ చలి మన చలి కాదు. చెమటతో తడిసిన చొక్కాతో దిగడం మొదలుపెడితే ఐదు నిమిషాల్లో ఛాతీ పట్టేస్తుంది, చేతులు వణికితే బ్రేకు ఎలా పడతారు? పైన టీ తాగిన చోట పాత పేపరు అడిగి తీసుకుని రెండు మడతలు పెట్టి చొక్కా లోపల ఛాతీకి అడ్డంగా పెట్టుకోండి. సైకిలు వాళ్లు ఎప్పట్నుంచో చేసే పని ఇది, నేను ఇప్పటికీ చేస్తాను. మంచి రోజు దొరికితే దారి పక్క పొలాల్లో వలిసె పూలు పసుపుపచ్చగా విరిసి ఉంటాయి. వాటిని ఆగి చూడండి, తొక్కుతూ కాదు.

ప్రశ్న: నాకు 43 ఏళ్లు, మాది భీమవరం. రెండేళ్లుగా సైకిలు తొక్కుతున్నాను. 200 కిలోమీటర్ల బ్రెవే చెయ్యాలని ఉంది. ఈ వయసులో పందేలేమిటని అత్తగారూ మావారూ అంటున్నారు. మావారు కారులో వెనకాలే వస్తానంటే అత్తగారు సరేనన్నారు. బ్రెవే పెట్టేవాళ్లు ఒప్పుకుంటారా?

జవాబు: ముందు అత్తయ్యగారికి ఒక మాట చెప్పండమ్మా, బ్రెవే పందెం కాదు. మొదటి స్థానం, రెండో స్థానం అని ఉండవు. 200 కిలోమీటర్లని 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేస్తే చాలు, మధ్యలో కొన్ని చోట్ల ఆగి కార్డు మీద గుర్తు వేయించుకోవాలి, వాటిని కంట్రోల్ పాయింట్లంటారు. అంటే టిఫిను, భోజనం, టీ అన్నీ కలుపుకుని గంటకి 15 కిలోమీటర్ల లోపు సగటు. మీరు రెండేళ్లుగా తొక్కుతున్నారు కాబట్టి ఇది మీకు అందని వేగం కాదు. ఈ పద్ధతి పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్‌ది, మన దేశంలో ఆడాక్స్ ఇండియా వాళ్లు చూస్తారు. ఒకే ఏడాదిలో 200, 300, 400, 600 నాలుగూ పూర్తి చేసినవాళ్లని సూపర్ రాండొన్యూర్ అంటారు, ఆ మాట ఇప్పుడే ఇంట్లో చెప్పకండి, ఒక్కోటీ చేస్తూ పోదాం.

మీవారు కారులో వెనకాలే రావడానికి మాత్రం కుదరదు. బయటి సాయం కంట్రోల్ పాయింట్ల దగ్గరే తీసుకోవాలి, దారిలో కాదు. ఆయన్ని నేరుగా ఆ పాయింట్లకి రమ్మనండి, అన్నం క్యారేజీ తెస్తారు, మీరెలా ఉన్నారో కళ్లారా చూస్తారు, ఆయనకీ ధైర్యంగా ఉంటుంది. మొదటిది చదును దారిలోనే ఎంచుకోండి, కొండ దారి రెండోసారికి. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, చీకట్లో మెరిసే జాకెట్ ముందే కొనుక్కోండి.

ప్రశ్న: మాది ఆత్రేయపురం. మారేడుమిల్లి రైడుకి అందరికీ పూతరేకులు పట్టుకెళ్దామనుకుంటున్నాను. దారిలో తిండికి సరిపోతాయా?

జవాబు: గమ్యం చేరాక పంచిపెట్టండి, మీ ఊరి పేరు నిలబడుతుంది. దారిలో మాత్రం వద్దు. జేబులో పొడైపోతాయి, పైగా నెయ్యి ఎక్కువైతే ఎక్కేటప్పుడు కడుపు బరువెక్కుతుంది. రావులపాలెంలో చక్కెరకేళి కొనుక్కోండి, మరీ పండినవి కాకుండా, మనిషికి నాలుగు. వేరుశనగ అచ్చులు కొన్ని. ఆకలి వేసేదాకా ఆగకుండా ముప్పావుగంటకోసారి కాస్త కాస్త తినాలి, ఆకలి వేశాక తింటే ఆ శక్తి కాళ్లకి చేరేలోపు సగం ఘాటు అయిపోతుంది. రెండు సీసాల్లో ఒకటి ఉత్త నీళ్లు, ఇంకోటి ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉత్త నీళ్లే తాగుతూ పోవద్దు. మజ్జిగ సీసా ముందు ఖాళీ చెయ్యండి, ఎండెక్కితే పులిసిపోతుంది.