వల కొరికింది నీటికుక్కే, చిప్పల కుప్ప సంగతి వేరు

రాత్రి గోదావరిలో కట్టిన వల తెల్లారేసరికి చిరిగిందని, చేపలు సగం తినేసి ఉన్నాయని, ఒడ్డున ఆల్చిప్పల కుప్ప కూడా ఉందని రాశారు. బోను పెట్టమంటారా అని అడిగారు. ఆ పని మాత్రం చేయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నీటికుక్కను, అంటే నదిలో చేపలు వేటాడి తినే ఆటర్ అనే జంతువును, పట్టడం నేరం.

ముందు తడి ఇసుకలో అడుగుజాడలు చూడండి. ఊరకుక్కకు నాలుగు వేళ్లే పడతాయి, నీటికుక్కకు అయిదు. రాళ్ల మీద ఒకే చోట మలం, అందులో పొలుసులు, ముళ్లు, ఘాటైన చేపల కంపు ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. మన నదుల్లోని నీటికుక్కలు గుంపుగా వేటాడతాయి, ఒక్క రాత్రిలో అంత నష్టం మామూలే.

చిప్పలు బహుశా కొంగల పని. ముక్కు మధ్యలో సందు ఉండే కొంగకు నత్తలు, ఆల్చిప్పలే తిండి.

వలను రాత్రంతా నీళ్లలో వదిలేయకండి, దగ్గరుండి తీసేయండి. నీటికుక్క చిక్కుకుంటే ఊపిరాడక చస్తుంది, మీకు కేసు టెన్షన్. మళ్లీ ఇలాగే జరిగితే ఫోటోలు తీసి అటవీ శాఖ వాళ్లకు చూపించండి.