జింక్ కలిపితే ఎముక గట్టిపడుతుందా?

తమ్ముడూ,

ఎముకలో ఖాళీలకి త్రీడీ ప్రింట్ చేసే పింగాణీ ముక్కల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష హాయిగా సాగింది, ఆ విషయంలో నీకు చెప్పాల్సిందేమీ లేదు. కానీ "కాంక్రీటులో ఇనప చువ్వల్లా జింక్, సిలికా ఈ పింగాణీ ఎముకను నిలబెడతాయి" అన్న వాక్యం మాత్రం కొట్టెయ్. వినడానికి భలే ఉంది, చిక్కంతా అక్కడే, చదివినవాళ్లకి చివరికి అదొక్కటే గుర్తుంటుంది. చువ్వ తనే బరువు మోస్తుంది. జింక్ ఏమీ మొయ్యదు, బలం విషయంలో అది చేసే పనంతా ఫర్నేస్‌లోనే.

ఈ పింగాణీకి ముడిసరుకైన ట్రైకాల్షియం ఫాస్ఫేట్ పొడిని కాల్చినప్పుడు రేణువులు ఒకదానికొకటి అతుక్కోవాలి, వేడి పెంచితే ఇంకా బాగా అతుక్కుంటాయి కదా అని సుమారు 1125 డిగ్రీలు దాటించావనుకో, దాని స్ఫటికాల బీటా రూపం కాస్తా ఆల్ఫా అనే ఇంకో రూపంగా మారడం మొదలెడుతుంది. ఆల్ఫాకి సాంద్రత తక్కువ, అందుకని ఉబ్బుతుంది, లోపల సన్నటి పగుళ్లొస్తాయి. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో సుస్మితా బోస్, అమిత్ బందోపాధ్యాయల బృందం 2012లో 0.5 శాతం సిలికా, 0.25 శాతం జింక్ ఆక్సైడ్ కలిపి త్రీడీ ప్రింట్ చేసిన స్కాఫోల్డుల్లో (ఎముక పెరగడానికి ఆసరాగా పెట్టే రంధ్రాల చట్రాల్లో) ఈ మార్పు నెమ్మదించింది, పదార్థం చిక్కబడింది, నొక్కుడు తట్టుకునే బలం గరిష్ఠంగా రెండున్నర రెట్లు పెరిగింది. ఆ "గరిష్ఠంగా"ని నువ్వు మింగేశావు! మోతాదు కూడా రాయలేదు. అర శాతం, పావు శాతం అని చెప్పకపోతే ఎంత ఎక్కువేస్తే అంత గట్టి అనుకుంటారు జనం, నిజానికి మోతాదు మించితే రేణువుల అంచుల్లో వేరే పదార్థంగా పేరుకుని బలాన్ని తగ్గించవచ్చు కూడా.

ఇంకో గందరగోళం. స్టార్చ్, ప్లాస్టిక్ పూసలు కూడా కలిపేవేగా అని అన్నిటినీ ఒకే పేరాలో కుక్కేశావు. అవి కాలిపోయి రంధ్రాలు మిగల్చడానికి వేసేవి. కణాలు, రక్తనాళాలు లోపలికి పాకాలంటే కనీసం 100 మైక్రాన్ల రంధ్రాలు కావాలి, కానీ రంధ్రాలు పెరిగేకొద్దీ బలం దభీమని పడిపోతుంది. అందుకే మెగాపాస్కల్ (బలాన్ని కొలిచే యూనిట్) అంకె ఎక్కడ రాసినా పక్కనే రంధ్రాల శాతం ఉండి తీరాలి, లేదంటే ఆ అంకెనే తీసెయ్.

శీర్షిక ఎవరి సలహానో గానీ, "ఇక తొడ ఎముకకూ పింగాణీయే" అంటే ఏ ఆర్థోపెడిక్ డాక్టరూ ఒప్పుకోడు. స్పాంజిలాంటి లోపలి ఎముక తట్టుకునేది సుమారు 2 నుంచి 12 మెగాపాస్కల్స్, బయటి గట్టి ఎముక 100కి పైమాటే. ఇన్ని రంధ్రాలున్న ఈ ఫాస్ఫేట్ ముక్కలు సాధారణంగా మొదటి లెక్కలోనే ఉంటాయి, కాబట్టి ఎముకలో ఖాళీలు పూడ్చడానికని రాయి. ఈ మార్పులన్నీ చేసి ఆదివారం లోపు పంపితే చూస్తాను.